పరీక్ష తప్పినదెవరు?

నెలరోజుల కిందట అమలాపురంలో ఉపాధ్యాయుల సమావేశం ఒకటి జరిగింది. అందులో ఒక యువమిత్రుడు లేచి, "పరీక్షలన్నీ బూర్జువా వర్గం పన్నిన వల. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం వాటిని బహిష్కరించాలి" అన్నాడు. చప్పట్లు బాగానే మోగాయి. ఆ తరవాత బడులు నడిపి తల నెరిసిన పెద్దాయన ఒకాయన లేచి, "పరీక్ష లేకపోతే పిల్లవాడు పుస్తకం ముట్టడు, పంతులు బడిమొహం చూడడు. అయిదులోనూ ఎనిమిదిలోనూ తప్పినవాణ్ణి ఆపి తీరవలసిందే" అన్నాడు. ఆయనకూ చప్పట్లు మోగాయి. కొట్టిన చేతులు చాలామట్టుకు అవే కావటం నేను గమనించాను. నేను రెండుసార్లూ కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో అప్పుడు చెప్పటానికి వ్యవధి లేకపోయింది. ఇప్పుడు చెపుతాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. నేను రాజోలు ప్రాంతంలో ఒక పేటలో పుట్టినవాణ్ణి. మా నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. నేను చదివిన బడిలో (దాని పేరు ఇక్కడ అనవసరం) మా పేట పిల్లలకు వెనకబల్ల ప్రత్యేకం. దాహమయితే ఎవరో ఒకరు ఎత్తునుంచి పోసేదాకా దోసిలి పట్టుకుని నిలబడేవాళ్ళం. ఏడో తరగతిలో జిల్లా కామన్ పరీక్షకని పక్కవూరు వెళ్ళాను. అక్కడ బల్లమీద సుద్దతో ఒక అంకె వేసి ఉంది. నా ముందు కూర్చున్నది మా ఊరి మునసబుగారి మనవడు. నీళ్ళకుండ అందరికీ ఒక్కటే. ఆ హాలులో నా కులం ఎవరూ అడగలేదు. నా పేపరు దిద్దినవాడు నా మొహం చూడలేదు. మా బడిలో నాకు వచ్చే మార్కులకూ, నన్ను ఎరగని ఆ మనిషి వేసిన మార్కులకూ ఎంత తేడా ఉన్నదో నేను ఈనాటికీ మరవలేదు.

కనుక పరీక్ష అంటే నాకు ద్వేషం లేదు. పరీక్షను వట్టి వల అని కొట్టిపారేయగలిగినవాడు, పరీక్ష లేకపోయినా నాలుగు మెతుకులకు లోటులేని ఇంట పుట్టి ఉంటాడని నా అనుమానం. ఆ మిత్రుడు నన్ను క్షమించాలి. మావాళ్ళకి చాలాకాలం తెరుచుకున్న కిటికీ అదొక్కటే. దాన్ని మూసెయ్యమని చెప్పే ముందు తలుపు ఎక్కడున్నదో చూపించాలి.

అయితే నేను గట్టెక్కినందువల్ల ఏం జరిగింది? మా పేటనుంచి నాతోబాటు ఒకటో తరగతిలో చేరినవాళ్ళం పదకొండుమందిమి. పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. తక్కిన పదిమంది సంగతి అడిగిన నాథుడు లేడు. అది చాలక, నలభై ఏళ్ళుగా నన్ను చూపించి, "వాడు చదవలేదట్రా? అదే బడి, అదే పరీక్ష. మీకేం రోగం?" అని మా పేట పిల్లల్ని గద్దిస్తున్నారు. పరీక్ష నన్ను పైకి తెచ్చిన మాట నిజం. ఆ పదిమందీ కిందనే ఉండటం న్యాయమని రుజువు చెయ్యటానికి నన్నే సాక్షిగా నిలబెట్టిన మాట కూడా అంతే నిజం.

కోనసీమలో చదువుకు పరీక్ష ఇంగ్లీషువాడు తెచ్చిపెట్టినది కాదు. ముక్తేశ్వరం, వ్యాఘ్రేశ్వరం వైపు అగ్రహారాల్లో వేదం చెప్పుకున్న కుర్రవాడు పెద్దల ఎదట కూర్చుని పదం, క్రమం, జట, ఘన తప్పులేకుండా అప్పగించాలి. చాలా కఠినమైన పరీక్ష. ఆ పండితుల ధారణను నేను చులకన చెయ్యను. కాని ఆ పరీక్షలో మావాళ్ళు ఒక్కరూ తప్పినట్టు దాఖలా లేదు. కూచోనిస్తే గదా తప్పటానికి! అసలు పరీక్ష పుట్టుకతోనే అయిపోయేది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టి మెట్రిక్యులేషన్ పరీక్ష వచ్చాక సిద్ధాంతరీత్యా ఎవరైనా కూచోవచ్చు. సిద్ధాంతరీత్యా! కన్యాశుల్కంలో వెంకటేశం పరీక్ష తప్పితే మనకు నవ్వు వస్తుంది. ఎందుచేతనంటే వాడికి తోటా దొడ్డీ ఉన్న తండ్రి ఉన్నాడు, గారం చేసే తల్లి ఉన్నది, ఇంగ్లీషు చెప్పటానికి గిరీశం కూడా ఉన్నాడు. తప్పితే కొంప మునగదు. దింపు కార్మికుడి కొడుకు తప్పితే ఆ మర్నాడు వాడి నడుముకు మోకు కడతారు. అది ప్రహసనానికి పనికివచ్చే వస్తువు కాదు.

పరీక్ష చేసే పనులు రెండు. ఒకటి కొలవటం, రెండోది ఏరటం. పిల్లవాడికి ఏం వచ్చిందో, ఏం రాలేదో తెలుసుకోవటం కొలత. అది లేనిదే ఏ పంతులూ పాఠం చెప్పలేడు. వందమందిలో పదిమందిని ఉంచుకుని తొంభైమందిని వెళ్ళగొట్టటం ఏరివేత. పాలకవర్గాలకు ఎప్పుడూ కావలసింది రెండోది. కాని దాన్ని ఆ పేరుతో పిలిస్తే బాగుండదు. కాబట్టి చేతిలో కొలబద్ద పట్టుకుని జల్లెడ పని చేస్తారు. జల్లెడలోంచి కిందపడ్డవాడితో, "నిన్ను మేం తొయ్యలేదు నాయనా, నీ కొలతే తక్కువయింది" అంటారు. ఇందులో ఉన్న సౌకర్యమేమిటంటే, కిందపడ్డవాడు కూడా ఆ మాట నమ్ముతాడు.

"అందరికీ ఒకే ప్రశ్నపత్రం, ఒకే గంట, ఒకే తూనిక. ఇంతకన్న సమానత్వం ఏముంది?" అంటారు. సరే, చూద్దాం. పి. గన్నవరం మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక వంటి ఊళ్ళున్నాయి. గోదావరి కాస్త పొంగితే చాలు, నదీపాయ మీది గట్టు కొట్టుకుపోయి ఏళ్ళ తరబడి వాళ్ళకు పడవే గతి అయింది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో జనం మేడలెక్కారు, మేడలు లేనివాళ్ళు గట్లెక్కారు. బడులు పునరావాస కేంద్రాలయినాయి. నీళ్ళు తీశాక బడిగదుల్లో మోకాలిలోతు ఒండ్రు. పుస్తకాలు ఉబ్బి పలకల్లాగా బిగుసుకుపోయాయి. మళ్ళీ పాఠాలు మొదలయ్యేసరికి ఎన్నిరోజులు పట్టిందో ఆ ఊళ్ళలో పనిచేసినవాళ్ళకు తెలుసు. అయినా రాష్ట్రమంతటికీ పరీక్షల తేదీలు ఒక్కటే, సిలబసు ఒక్కటే. వరద పంచినప్పుడు సమానంగా పంచలేదు, పేపరు పంచినప్పుడు మాత్రం సమానంగా పంచారు.

అదే ఏడు జూన్‌లో 117వ నంబరు జీవో వచ్చింది. దాని ప్రకారం మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని ఊరి బడినుంచి లేవదీసి హైస్కూళ్ళలో కలపటం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళ పిల్ల రెండు రేవులు దాటి చదువుకు పోవాలని కాగితంమీద గీత గీసినవాడు గోదావరిని పటంలో చూసి ఉంటాడు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు గోల పెట్టగా పెట్టగా 2025లో ఆ జీవో రద్దయింది. మధ్యలో మూడేళ్ళపాటు బడికి దూరమైన పిల్లలకు ఆ మూడేళ్ళు ఏ సప్లిమెంటరీలో వస్తాయి?

అంకెల మాటకు వస్తే, 2020లోనూ 2021లోనూ కరోనా మూలంగా మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్ష జరగలేదు. అందరూ ఉత్తీర్ణులే. 2022లో పరీక్ష పెట్టారు. 6,15,908 మంది రాస్తే 4,14,281 మంది గట్టెక్కారు. నూటికి 67.26. ఒక్క ఏడాదిలో ఆంధ్ర దేశంలోని పిల్లల బుద్ధి మూడోవంతు ఆవిరైపోయిందా? వాళ్ళు ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ ఉండగా బడులు మూతబడి ఉన్నాయి. సెల్‌ఫోను ఉన్న ఇంట పాఠం జరిగింది, లేని ఇంట వలుపు పని జరిగింది. బడి తలుపు మూసినవాళ్ళే, తెరిచిన మరుక్షణంలో, మూసి ఉన్న కాలానికి లెక్క అప్పగించమన్నారు. లెక్క అప్పగించలేకపోయిన రెండు లక్షల పైచిలుకు పిల్లల్ని "తప్పినవాళ్ళు" అన్నారు.

మరో అంకె. 2025 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం మొత్తంమీద ఉత్తీర్ణత 81.14 శాతం. అందరికన్న పైన ఉన్నది పార్వతీపురం మన్యం జిల్లా, 93.90. అందరికన్న అడుగున ఉన్నది అల్లూరి సీతారామరాజు జిల్లా, 47.64. రెండూ గిరిజనులున్న కొండ జిల్లాలే. పుట్టుకలోనే ప్రతిభ ఉన్నదని, ఫలానా జాతులకు చదువు అబ్బదని సన్నాయినొక్కులు నొక్కేవాళ్ళు ఈ రెండంకెల్ని పక్కపక్కన పెట్టుకుని కాస్త ఆలోచించాలి. తేడా పిల్లల నెత్తురులో లేదు. చెప్పేవాళ్ళు ఉన్నారా, హాస్టలు నడిచిందా, ఎవరైనా పట్టించుకున్నారా అన్నదాంట్లో ఉన్నది. ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పకపోతే నేను నిజాయితీ తప్పినవాణ్ణవుతాను. తొంభై దాటిన అంకెలన్నీ చదువుకు గుర్తులు కావు. డిసెంబరు వచ్చిందంటే పాఠాలు మానిపించి, ముఖ్యమైన ప్రశ్నలు నాలుగు పదిసార్లు రాయించి గట్టెక్కించే విద్య మా అందరికీ తెలిసినదే.

నేను తెలుగు పండితుణ్ణి. ఏటా వేసవిలో పదో తరగతి పేపర్లు దిద్దటానికి పోతాను. రోజుకు నలభై. "మీ సొంతమాటల్లో రాయండి" అని ప్రశ్న ఉంటుంది. కట్ట విప్పితే మొదటివాడి సొంతమాటలూ, రెండోవాడి సొంతమాటలూ, ముప్పయ్యోవాడి సొంతమాటలూ ఒక్కటే. కామాతో సహా ఒక్కటే. వాళ్ళందరి సొంతమాటలూ రాసినవాడు విజయవాడలో గైడ్లు అచ్చువేసుకుని సుఖంగా ఉన్నాడు. ఆ జవాబుకి పూర్తి మార్కులు వేసి నేనూ ఇంటికి వస్తున్నాను.

మా బడిలో ఒక కుర్రవాడుండేవాడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయింది. కోనసీమలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టటం మొదలుపెడితే వీధి చివరికి రావటానికి సాయంత్రమవుతుంది. వాడు నాయనమ్మ దగ్గర ఉండి, తెల్లవారుజామున వలుపుకి పోయి, గునపంమీద కాయ వలిచి బడికి వచ్చేవాడు. వెయ్యి కాయలకు ధర ఇంత, కుళ్ళుకాయలు ఇన్ని, దింపు కూలి ఇంత పోతే రైతుకు మిగిలేదెంతో నోటితో చెప్పేవాడు. శాతాలు అన్న పాఠంలో వాడికి గుండుసున్నా. ఆ రెండూ ఒకటేనని వాడికి ఎవరూ చెప్పలేదు. ఒక పరీక్షలో, మిత్రునికి లేఖ రాయమని ప్రశ్న వచ్చింది. మీరు చూసిన పండుగ గురించో, వెళ్ళిన యాత్ర గురించో రాయాలి. వాడు పండుగ రాయలేదు. వరద ఇంట్లోకి వచ్చిన రాత్రి నాయనమ్మ మేకను నులకమంచంమీద ఎక్కించి, తాను నీళ్ళలో నిలబడి తెల్లవార్లూ దాన్ని పట్టుకుని ఉండటం రాశాడు. రెండు పేజీలు. వత్తులు లేవు, దీర్ఘాలు లేవు, తేదీ లేదు, చిరునామా లేదు. ముప్పయ్యేళ్ళ నా ఉద్యోగంలో అంత మంచి తెలుగు నేను చదవలేదు. ఎనిమిదికి మూడు మార్కులు వేశాను. సూచికలో ఉన్న ప్రకారం అంతకన్న ఎక్కువ వెయ్యటానికి వీలులేదు. ఆ వేసిన చెయ్యి ఇప్పుడు ఇది రాస్తున్న చెయ్యే.

ఆ తరవాత వాడి పేరు "డి" జాబితాలో చేరింది. జాబితా గోడకు అంటించాం. "డీ అంటే ఏంటండీ మాస్టారూ?" అని అడిగాడు. "ఇంకా డెవలప్ కావాలని" అన్నాను. అబద్ధమని వాడికీ తెలుసు. జనవరిలో బడి మానేశాడు.

ఫలితాన్నిబట్టి పంతులికి కూలి కట్టే తంతు కొత్తది కాదని యువ ఉపాధ్యాయులు గ్రహించాలి. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో అనే మంత్రి ఒక నిబంధనావళి తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు వస్తాడు. పిల్లవాడు చదవటం, రాయటం, లెక్కలు అప్పగిస్తే బడికి గ్రాంటు, లేకపోతే కోత. ఆ పద్ధతే మన మద్రాసు రాజధానిలోకీ దిగుమతి అయింది. వీధిబడి పంతులు ఏడాదంతా పాఠం చెప్పడు, ఇన్‌స్పెక్టరు రాకకోసం చిలకలకు తర్ఫీదు ఇస్తాడు. కవి మాథ్యూ ఆర్నాల్డ్ స్వయంగా ఇన్‌స్పెక్టరు. ఇది చదువును చంపుతుందని ఆయనే మొత్తుకున్నాడు. చివరకు 1890ల్లో ఇంగ్లండు దాన్ని వదిలించుకుంది. వదిలించుకున్నది మళ్ళీ మన గుమ్మంలోకి వచ్చింది. 2021లో ప్రపంచబ్యాంకు మన రాష్ట్రపు బడులకు "సాల్ట్" అనే పథకం కింద 25 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అది ఫలితాలతో ముడిపెట్టిన అప్పు. 2022–23లో ఒకటినుంచి ఎనిమిదో తరగతిదాకా పరీక్షలకు ఓ.ఎం.ఆర్. పత్రాలు దిగాయి. పలకమీద సున్న చుట్టటం సరిగా రాని పిల్లలకోసం కూడా సున్నాలు నింపే కాగితం వచ్చింది. నింపటంలో ఎవరి చెయ్యి ఎంత సాయం పట్టిందో నేను చెప్పను.

ఆ తరవాతి సంవత్సరం ఇంకొకటి. 2023లో ప్రభుత్వం అమెరికాలోని ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థతో ఒప్పందం చేసుకుని, మూడో తరగతినుంచి పదో తరగతిదాకా పిల్లలకు టోఫెల్ పేరుతో ఇంగ్లీషు పరీక్షలు తలపెట్టింది. టోఫెల్ అన్నది 1964లో అమెరికా కాలేజీల్లో చేరగోరే విదేశీయులకోసం పుట్టిన పరీక్ష. సఖినేటిపల్లిలోనూ కాట్రేనికోనలోనూ మూడో తరగతి పిల్లవాడు ఏ కాలేజీలో చేరబోతున్నాడో నాకు బోధపడలేదు. ఆ పరీక్షల వంశవృక్షం కొంచెం తెలుసుకుంటే మంచిది.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే అనే ఆయన, సిమోన్ అనే సహచరుడితో కలిసి, బడిలో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి అదనపు సాయం చెయ్యటానికని ఒక కొలత తయారుచేశాడు. సాయం చెయ్యటానికి! పిల్లవాడి తెలివి మారని వస్తువు కాదని బినే గట్టిగా చెప్పాడు. ఆ కొలత అమెరికా చేరేసరికి రంగు మారింది. 1916లో టెర్మన్ దాన్ని పుట్టుతెలివికి త్రాసు చేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పదిహేడు లక్షలమందికి పైగా సిపాయిలకు ఇలాంటి పరీక్షలు పెట్టారు. ఆ అంకెలు పట్టుకుని కార్ల్ బ్రిగమ్ అనే ప్రిన్స్‌టన్ ఆచార్యుడు, ఉత్తర ఐరోపావాళ్ళు తెలివైనవాళ్ళని, తక్కినవాళ్ళు తక్కువవాళ్ళని 1923లో ఒక పుస్తకం రాశాడు. మరుసటి ఏడే అమెరికా వలసలకు తలుపు వేస్తూ చట్టం చేసింది. ఆ చట్టానికి కారణాలు ఇంకా ఉన్నాయి, కాని శాస్త్రం పేరుతో వంతపాడినవాళ్ళలో ఈయన ఒకడు. 1926లో కాలేజీ ప్రవేశానికి శాట్ అనే పరీక్షను తయారుచేసిన సంఘానికి ఈ బ్రిగమే నాయకుడు. 1930లో ఆయనే తన పుస్తకం తప్పులతడక అని ఒప్పుకున్నాడు. మనిషి ఒప్పుకున్నాడు, పరీక్ష మాత్రం ఒప్పుకోలేదు. అది పెరిగి పెద్దదయింది. దాన్ని నడపటానికి 1947లో ప్రిన్స్‌టన్‌లో పుట్టిన సంస్థే ఇందాక చెప్పిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్. ఈనాటి ఆ సంస్థ బ్రిగమ్ జాతిసిద్ధాంతాన్ని నమ్ముతున్నదని నేను అనటం లేదు. పిల్లవాణ్ణి చూడకుండా, వాడి ఊరు చూడకుండా, వాడి మాట వినకుండా వాడి విలువ ఒక అంకెలో చెప్పవచ్చుననే ధీమా ఎక్కడ పుట్టిందో చెపుతున్నాను. 2024లో ప్రభుత్వం మారింది, టోఫెల్ వెనక్కి పోయింది. వెయ్యి ప్రభుత్వ బడుల్లో పెట్టిన సి.బి.యస్.ఇ.ని కూడా ఆ ఏడే తీసివేసి, అప్పటికే పదో తరగతిలో ఉన్న పిల్లల్ని మళ్ళీ రాష్ట్రబోర్డుకు మళ్ళించారు. ఎన్నికలు పెద్దలవి, పరీక్షలు పిల్లలవి.

ఇక్కడ మన యువమిత్రుడు, "సోవియట్ యూనియన్‌లో ఇలాంటివాటిని నిషేధించలేదా?" అంటాడు. నిషేధించారు. 1936 జులై 4న పార్టీ కేంద్రసంఘం తీర్మానం చేసి బుద్ధిపరీక్షల్ని బడులనుంచి వెళ్ళగొట్టింది. కార్మికుల పిల్లల్ని, రైతుల పిల్లల్ని అవి మందమతులుగా ముద్రవేస్తున్నాయన్నది ప్రధానమైన ఆరోపణ. ఆరోపణ సరైనదే. కాని ఆ గాలిలోనే, రెండేళ్ళ కిందట కన్నుమూసిన విగోట్‌స్కీ రచనలు కూడా అటకెక్కాయి. 1956దాకా కిందికి దిగలేదు. పిల్లవాడు ఒంటరిగా ఏం చెయ్యగలడన్నది సగం నిజమనీ, తెలిసినవాడు పక్కన ఉండి చెయ్యందిస్తే ఏం చెయ్యగలడన్నదే రేపటి చదువుకు దారి అనీ చెప్పినవాడు ఆయన. చెడ్డ కొలబద్దతోబాటు కొలిచే తెలివిని కూడా పారేశారు. ఆ పొరపాటు మనం మళ్ళీ చెయ్యనక్కరలేదు.

మనం కూడా ఒక చిన్న నిషేధం పెట్టి చూశాం. 2010లో అమలుకు వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతిదాకా ఎవర్నీ ఆపకూడదన్నది. ఆపకూడదన్న ముక్క వెంటనే అమలయింది, ఎందుకంటే దానికి కానీ ఖర్చు లేదు. అదే చట్టం షెడ్యూలులో ప్రాథమిక బడికి 200 పనిదినాలు, ఆపై మూడు తరగతులకు 220 ఉండాలనీ, ప్రాథమిక తరగతుల్లో ముప్పైమందికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలనీ, ఇవన్నీ మూడేళ్ళలోగా అంటే 2013 మార్చి 31లోగా జరగాలనీ రాసి ఉంది. అది ప్రభుత్వానికి పెట్టిన పరీక్ష. తేదీ ముందే చెప్పారు, ప్రశ్నలు ముందే ఇచ్చారు, పుస్తకం చూసి రాయవచ్చు కూడా. గడువు దాటిపోయింది. ప్రభుత్వం తప్పింది. దాని ఫలితం ఏ పత్రికా మొదటి పేజీలో వెయ్యలేదు. పైగా 2019లో చట్టం సవరించి, తప్పిన పిల్లల్ని ఆపుకోవచ్చని రాష్ట్రాలకు వెసులుబాటు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకు ఆ నిబంధన తెచ్చింది. తాను తప్పి, పదేళ్ళ పిల్లవాణ్ణి అదే తరగతిలో కూచోబెట్టటమంటే ఇదే.

ప్రభుత్వం పరీక్షకు కూచున్న ఇంకొక సందర్భం మిత్రులు చాలామంది మరిచిపోయారు. పదిహేనేళ్ళవాళ్ళ చదువును దేశాలమధ్య పోల్చే పీసా అనే పరీక్ష ఒకటుంది. 2009 దఫాలో మన దేశం తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ కూచున్నాయి. 74 ప్రాంతాల్లో చిట్టచివరి రెండుమూడు స్థానాల్లో నిలిచాయి. అప్పుడు ఢిల్లీ ఏమన్నది? ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు సంబంధించినవి కావు అన్నది. తరవాతి దఫాలకు రాము అన్నది. ఆ మాటలో కొంత నిజం ఉన్నదని నేను ఒప్పుకుంటాను. సరిగ్గా అదే మాట ఊడిమూడిలంక పిల్లవాడు రాష్ట్రబోర్డుతో అంటే ఏమవుతుంది? "ప్రశ్న నా పరిసరాలకు సంబంధించినది కాదు, వచ్చే దఫా నేను కూచోను" అంటే? సర్కారుకు ఉన్న సదుపాయం వలుపు కుర్రవాడికి లేదు. వాడు తప్పితే వాడి బుర్ర తక్కువ, సర్కారు తప్పితే ప్రశ్నపత్రం తక్కువ.

మరి ఏం చెయ్యాలంటారా? అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఏ ఇల్లాలూ కుండలోని ప్రతి మెతుకునూ చిదమదు. ఒక్క మెతుకు చాలు. ఉడకకపోతే మెతుకును తిట్టదు, పొయ్యిలో మరో పుల్ల పెడుతుంది. బడులు ఎలా ఉన్నాయో ప్రభుత్వానికి నిజంగా తెలియాలంటే అక్కడక్కడా కొద్దిమందిని, పేర్లు అడగకుండా, చూస్తే సరిపోతుంది. అలాంటి సర్వేలు మనకు లేకపోలేదు. 2024 డిసెంబరు 4న దేశమంతటా 74,229 బడుల్లో 21 లక్షలమందిని చూసిన సర్వే అలాంటిదే. కాని దానికి కూడా ముందుగా నమూనా పేపర్లు పంపి పిల్లల చేత రుద్దించారు. మెతుకు చూడబోయే ముందు ఆ ఒక్క మెతుకునే విడిగా ఉడికించినట్టు! పొయ్యి సంగతి తేలటం ఎవరికీ ఇష్టం లేదు. ప్రతి మెతుకునూ చిదమటం మాత్రం ఇష్టమే, ఎందుకంటే దానివల్ల పొయ్యిమీదికి నింద రాదు.

పేరు లేని అంకె వెనక దాక్కునే హక్కు పదో తరగతిలో మా పేట పిల్లలకు ఉండవలసిందే. దాన్ని మానిపించి "బడిలోనే మార్కులు వేసుకోండి" అంటే వెనకబల్ల మళ్ళీ వస్తుంది. నేను దానికి ఒప్పుకోను. కాని ఆరేళ్ళనుంచి పద్నాలుగేళ్ళదాకా పిల్లవాడికి గ్రేడు కట్టి గోడకు అంటించటం, ఆ గ్రేడులనుబట్టి బడులకు ర్యాంకులు కట్టటం, ఆ ర్యాంకు చూపించి ఉన్న పంతుల్నీ ఉన్న బడినీ ఎత్తివెయ్యటం, వీటికి నేను ఒప్పుకోను. పెద్దాయన చప్పట్లకు నా చేతులు ఎందుకు కదలలేదంటే అందుకు.

మొన్న పైనుంచి కాగితం వచ్చింది. నా తరగతిలో వెనకబడ్డ పిల్లల జాబితా పంపాలి. పేరు, గ్రేడు, కారణం, మూడు గళ్ళు. పదిహేడుమంది పేర్లు రాశాను. గ్రేడు గడి ఖాళీగా వదిలాను. కారణం గడిలో తెలిసినది తెలిసినట్టు రాశాను: లెక్కల ఉపాధ్యాయుడి పోస్టు జూన్‌నుంచి నవంబరుదాకా ఖాళీ, తల్లి మస్కట్‌లో, రేవు దాటాలి, పడవ తొమ్మిదిన్నరకు, తెల్లవారుజామున వలుపు పని, వరదలో పుస్తకాలు పోయినాయి, మళ్ళీ ఇవ్వలేదు. నాలుగో రోజున కాగితం తిరిగి వచ్చింది. గ్రేడు తప్పనిసరిగా నింపవలెననీ, కారణం అనే గడిలో విద్యార్థికి సంబంధించిన లోపం మాత్రమే రాయవలెననీ ఎర్రసిరాతో రాసి ఉంది. అది నా బల్లమీదనే ఉంది. ఇంకా తిప్పి పంపలేదు.